సెకనుకి మూడొందలు

ఆ రోజుల్లో మా పల్నాట్లో స్పీడు అనే మాట రెండిటికే వాడేవాళ్ళం. ఒకటి బస్సుకి, రెండోది టైపు మిషనుకి. బస్సు స్పీడు డ్రైవరు ఇష్టం, దాన్నెవరూ కొలిచేవాళ్ళు కాదు. టైపు స్పీడు మాత్రం నిమిషానికి ఇన్ని మాటలని కొలిచి సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్ళు. నిమిషానికి నలభై అయిదు మాటలు కొట్టే పిల్లంటే నరసరావుపేటలో పెళ్ళిసంబంధాల వాళ్ళు కూడా కాస్త వెనకాముందాడేవాళ్ళు (ఇంత స్పీడున్న పిల్ల ఇంట్లో మాట వింటుందా అని). నా దగ్గర ఆ సర్టిఫికెట్టు ఉంది. ఇప్పుడు స్పీడంటే ఇంటర్నెట్టుది. మొన్నామధ్య మా మరిది ఇంట్లో కొత్త కనెక్షను పెట్టించుకుని, "వదినా, వంద స్పీడని చెప్పాడు, సినిమా దించుకుంటుంటే పన్నెండు కూడా చూపించట్లా, మోసం చేశాడు" అని మా ఇంటికొచ్చి గోల పెట్టాడు. నేను గోంగూర ఆకు తుంచుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "వందని ఎనిమిదితో భాగించు" అన్నా. భాగించాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి నా వైపు మర్యాదగా చూశాడు. ఆ భాగహారం నేను పుస్తకంలో నేర్చుకోలేదు, ఉద్యోగం ఊడబోయి నేర్చుకున్నా. ఆ సంగతే చెబుతా.

ఎనభైల చివర అది. మా నాన్న నూజెండ్ల వైపు ఒక పల్లెటూరి బళ్ళో లెక్కల మాస్టారు. లెక్కల మాస్టారి కూతురు లెక్క తప్పితే ఎట్టా ఉంటుందో మీరే ఊహించుకోండి. డిగ్రీ అయ్యాక గుంటూరులో ఆరు నెలలు కంప్యూటరు కోర్సు చేశా. ఆ వెంటనే నడికుడి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. మా బాబాయి రైల్వేలో చేసేవాడు, నడికుడి క్వార్టర్స్‌లో పిన్ని వాళ్ళింట్లో ఉండి ఫ్యాక్టరీ బస్సులో పోయొచ్చేదాన్ని. ఉద్యోగమంటే పూర్తి ఉద్యోగం కాదు, ఆరు నెలల ప్రొబేషను. పనిచూసి నచ్చితే ఖాయం చేస్తారు, నచ్చకపోతే ఇంటికి పంపుతారు. నన్ను బస్సెక్కించేటప్పుడు మా నాన్న ఒకటే మాటన్నాడు: "ఖాయమైతే ఉండు. కాకపోతే మారు మాట్లాడకుండా వచ్చి టీచరు ట్రైనింగులో చేరు. మధ్యలో వేలాడొద్దు." టీచరు పని మీద నాకు కోపమేం లేదు గానీ, ముప్పై ఏళ్ళుగా సుద్దముక్కల పొడి పీల్చి పీల్చి దగ్గుతున్న మనిషిని రోజూ ఇంట్లో చూస్తూ పెరిగినదాన్ని. నాకు ఆ ఫ్యాక్టరీలోని అద్దాల గదే కావాలి.

అద్దాల గది అంటే కంప్యూటరు గది. సిమెంటు దుమ్ము పడకుండా చుట్టూ అద్దాలు, లోపల ఏసీ. చెప్పులు బయట విప్పి పోవాలి. మా అటెండరు తాత మొదట్లో రోజూ ఊదొత్తులు పట్టుకొచ్చేవాడు. పొగ పడదు తాతా అంటే, బయట నిలబడి అద్దానికే దండం పెట్టుకుని పోయేవాడు. ఇక మా అమ్మ ఊరుకుంటుందా, ఆదివారం చర్చిలో "మా అమ్మాయి మిషను చెడిపోకుండా, ఉద్యోగం ఖాయమయ్యేట్టు" అని ప్రార్థన మనవి రాసిచ్చింది. ఆరాధన అయ్యాక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు మా అమ్మని పట్టుకుని, మీ అమ్మాయి జాకెట్టుకి ఎంత తీసుకుంటుందని అడిగారంట.

మా ఆఫీసు మేనేజరుని అందరూ గీతల సారు అనేవాళ్ళు. చేతిలో స్కేలు లేకుండా ఆయన్ని నేను చూడలేదు. గీతలు లేని కాయితం చూస్తే ఆయనకి అన్నం సయించదు. ఏ లారీలో ఎన్ని బస్తాల సిమెంటు ఏ ఊరికి పోయిందో రోజూ ఒక స్టేట్‌మెంటు హైదరాబాదు హెడ్డాఫీసుకి పంపాలి. అంచులకి చిల్లులున్న వెడల్పాటి కాయితం మీద రెండు పేజీలొచ్చేది. ప్రతి లారీ కింద ఒక గీత, ప్రతి అయిదు లారీల కింద రెండు గీతలు, పేజీ అడుగున నక్షత్రాల వరస. తలకట్టున కంపెనీ పేరు నడిమధ్యకి రావాలి. ప్రతి పేజీ చివర "సవినయంగా సమర్పించడమైనది" అని ఇంగ్లీషులో, దాని కింద ఆయన పేరు, ఆయన చదివిన చదువులు, ఆయన హోదా. నేను చేరాక ఆ గీతలన్నీ కంప్యూటరు చేతనే కొట్టించా. ఆ మొదటి కాయితాన్ని ఆయన కిటికీ వెలుతురులో ఎత్తి చూసి, "ఏమ్మాయ్, ఒక్క గీతన్నా వంకర పోలేదే" అన్నాడు. ఆ కాయితాలు కవర్లో పెట్టి హైదరాబాదు బస్సు డ్రైవరు చేతికిచ్చేవాళ్ళం. మర్నాడెప్పటికో చేరేవి.

ఇట్టా కాదని హెడ్డాఫీసు నుంచి ఒక కుర్ర ఇంజనీరుని పంపారు. పల్నాటి ఎండలో టై కట్టుకుని దిగాడు, దిగిన గంటలో ఆయన పేరు టై బాబు అయిపోయింది. ఆయన తెచ్చిన పెట్టె మీద రెండు రబ్బరు గిన్నెలున్నయ్. ఫోను రిసీవర్ని వాటిల్లో బోర్లా పడుకోబెట్టాలి. కంప్యూటరు లోని అక్షరాలని ఆ పెట్టె కూతలు చేసి ఫోన్లోకి పంపుద్ది. హైదరాబాదులో ఇంకో పెట్టె ఆ కూతలు విని మళ్ళీ అక్షరాలు చేసుకుంటుంది. దాన్ని మోడెం అంటారు. గీతల సారు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "దీని స్పీడెంత బాబూ" అన్నాడు. "మూడొందలు సార్, సెకనుకి" అంటూ టై బాబు వైర్లు పట్టుకుని టేబులు కింద దూరాడు.

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ నేను లెక్కల మాస్టారి కూతుర్ని కదా, అంకె చెవిన పడగానే నా బుర్ర ఊరుకోదు. రెండు పేజీల్లో మొత్తం పద్దెనిమిది వేల అక్షరాలు పడతాయని నాకు తెలుసు. సెకనుకి మూడొందల చొప్పున అరవై సెకన్లు. "ఒక్క నిమిషంలో పోతుంది సార్" అన్నా, కాయితం కలం లేకుండా. టేబులు కింద నుంచి టై బాబు "ఊఁ" అన్నాడు. (నేనది అవుననుకున్నా. ఆయన నోట్లో స్క్రూడ్రైవరు ఉందని, వెతుకుతున్న వైరు దొరికి ఊఁ అన్నాడని తర్వాత తెలిసింది.) గీతల సారు మొహం వెలిగిపోయింది. "రాత్రంతా బస్సులో పోయేది నిమిషంలోనా" అని, ఆ నిమిషాన్ని పట్టుకుని ఫ్యాక్టరీ మొత్తానికి పెద్దయిన జనరల్ మేనేజరు గదికి పోయాడు. ఈయన్ని మేం పెద్ద సారు అనేవాళ్ళం. సాయంత్రానికి క్యాంటీన్లో టీ పోసే ఆయన కూడా "నిమిషమంటగా" అని అడిగాడు. నేను వినయంగా తలొంచుకుని అవునన్నా. తలొంచుకున్నానే గానీ లోపల మాత్రం ఆకాశంలో ఉన్నా.

టై బాబు హైదరాబాదు పోయి అక్కడి పెట్టె ముందు కూర్చున్నాడు. ఇక్కడ పెద్ద సారు, "సోమవారం నేనే వచ్చి చూస్తా" అన్నాడు. గీతల సారు నన్ను పక్కకి పిలిచి, "నీ ఆరు నెలలు ఈ నెలాఖరుకి అయిపోతయ్ గదమ్మాయ్. ఇది సరిగ్గా జరిగిందా, నీ కాయితం మీద కళ్ళు మూసుకుని సంతకం పెడతా. జరగలేదనుకో, పెద్ద సారు ఈ గదికి తాళమేసి పాత టైపిస్టుని పిలుస్తాడు. ఆయనకి ముందు నుంచీ ఈ మిషనంటే గిట్టదు" అన్నాడు. నేను భయపడలేదు. నా లెక్క మీద నాకు అంత నమ్మకం.

ఇప్పటి పిల్లలకి ట్రంకు కాల్ అంటే ఏందో చెప్పాలి. వేరే ఊరికి ఫోను చెయ్యాలంటే మనం నంబరు తిప్పడం కాదు. పక్క టౌన్లోని ఎక్స్‌చేంజికి ఫోను చేసి, ఫలానా నంబరు కావాలని రాయించుకుని కూర్చోవాలి. లైను ఖాళీ అయినప్పుడు ఆపరేటరు కలుపుద్ది, అది గంటకా రెండు గంటలకా మన అదృష్టం. మూడు నిమిషాలు కాగానే ఆపరేటరే లైన్లోకొచ్చి, పొడిగించమంటారా అని అడుగుద్ది. జవాబు రాకపోతే తీసేసుద్ది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి రాయించా, పదకొండూ అయిదుకి కలిసింది. పెద్ద సారు బూట్లు విప్పి, సాక్సులతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గీతల సారు గోడ గడియారానికి వీపు పెట్టి మోడెం ముందు నిలబడ్డాడు. రిసీవరు గిన్నెల్లో పెట్టా. కూత మొదలైంది. అందరం నవ్వు మొహాలతో ఆ కూత వింటున్నాం. నిమిషమైంది. కూత ఆగలేదు. రెండయింది. "అయిపోవచ్చింది సార్" అన్నా. పెద్ద సారు కాళ్ళు ముడుచుకున్నాడు, ఏసీకి. అప్పుడు ఆ గిన్నెల్లోంచి, కూత మధ్యలో, సన్నగా ఒక ఆడగొంతు వినిపించింది. "త్రీ మినిట్స్ ఓవర్. పొడిగించమంటారా?" కంప్యూటరు ఏం చెబుద్ది, దాని మానాన అది కూస్తానే ఉంది. "హలో. ఏందండీ ఆ కూత? మనుషులెవరన్నా ఉన్నారా లేదా?" మేం రిసీవరు తీద్దామనుకునే లోపే లైను పోయింది.

మధ్యాన్నం టై బాబు ఫోను చేసి, మొదటి పేజీలో సగం దాటిందాకా వచ్చిందని, ఆ తర్వాత వరసగా బ్రాకెట్లు, ప్రశ్న గుర్తులు, డాలరు గుర్తులు పడ్డాయని చెప్పాడు. (ఆ డాలర్లు ఆపరేటరు మాటలు. ఆవిడ అడిగిన ప్రశ్నని మా మిషన్లు అట్టా రాసుకున్నయ్.) పెద్ద సారు అప్పటికే బూట్లు తొడుక్కుని, "నిమిషమన్నారు" అని ఒక్క మాట అనేసి పోయాడు.

గీతల సారు కోపం నా మీదికి రాలేదు, ఎక్స్‌చేంజి మీదికి పోయింది. "నిమిషం కూడా కానిచ్చిందా ఆవిడ? మధ్యలో దూరింది. రాయమ్మాయ్" అని కూర్చోబెట్టి, ఆ ఆపరేటరు మీద పై అధికారికి కంప్లైంటు చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన చెప్పింది నేను కాయితం మీద రాసుకుని, నా గదికొచ్చి టైపు కొడుతున్నా. ఒక నిమిషం కూడా పూర్తి కాకముందే సదరు ఆపరేటరు లైనులో జొరబడి కంపెనీ పనికి ఆటంకం కలిగించినందున, ఆమెని తగు విధంగా శిక్షించి వేరే చోటికి బదిలీ చేయవలసిందిగా. నిమిషానికి నలభై అయిదు మాటలు కొట్టే నా వేళ్ళు ఆ "ఒక నిమిషం" దగ్గర ఆగిపోయినయ్. ఆయన గడియారానికి వీపు పెట్టి నిలబడ్డాడు. నేను ఎదురుగా నిలబడ్డా. పదకొండూ అయిదుకి మొదలైంది, పదకొండూ ఎనిమిదికి ఆవిడ వచ్చింది. సరిగ్గా మూడు నిమిషాలు. మరి నిమిషంలో అయ్యే పనికి మూడో నిమిషం ఎందుకొచ్చింది?

టై బాబు వదిలిపోయిన పుస్తకం తీశా. రెండో పేజీలోనే ఉంది. మూడొందలు నిజమే, సెకనుకే. కానీ మూడొందల అక్షరాలు కాదు, మూడొందల బిట్లు. ఒక అక్షరానికి ఎనిమిది బిట్లు. గుంటూరు కోర్సులో ఆ సంగతి చదివా, పరీక్షలో రాశా, మార్కులు కూడా పడినయ్. పైగా లారీకి డ్రైవరూ క్లీనరూ ఉన్నట్టు, ఫోన్లో పోయే ప్రతి అక్షరానికీ ముందొక బిట్టు, వెనకొక బిట్టు. మొత్తం పది. అంటే సెకనుకి ముప్పై అక్షరాలే. పద్దెనిమిది వేలకి పది నిమిషాలు. నేను పెద్ద సారుకి చెప్పించింది ఒకటి. మా నాన్న బడిపిల్లల నోట్‌బుక్కుల్లో ఎర్ర ఇంకుతో "ప్రమాణం రాయలేదు" అని రాసి సగం మార్కులు కొట్టేసేవాడు. ఆ పిల్లలు గుర్తొచ్చారు. అప్పట్లో వాళ్ళని చూసి నవ్వేదాన్ని.

నిజం చెప్పొద్దూ, ఆ మధ్యాన్నం నేను చానా సేపు దొంగ ఆలోచనలు చేశా. కంప్లైంటు పోతే పోనీ, నేను చెప్పకపోతే ఎవరికి తెలుసుద్ది? ఆ లోపల ఎట్టాగో సరిచేసుకుంటే నా ఉద్యోగం నిలబడుద్ది. ఆ ఆపరేటరు ఎవరో, మొహం కూడా తెలవదు. ఇట్టా అనుకుంటా పిన్ని పెట్టిన క్యారేజీ తెరిచి, మళ్ళీ మూసేశా. కానీ టైపు మిషన్లో ఆ కాయితం అట్టాగే ఉంది, ఆవిడని బదిలీ చేయమని. ఆవిడ చేసిందల్లా గడియారం చూడటం. లెక్క తప్పింది నేను, ఊరు మారాల్సింది ఆవిడా? ఇక కూర్చోలేకపోయా. సగం కొట్టిన కాయితం లాగి, చెప్పులేసుకోవడం కూడా మర్చిపోయి గీతల సారు గదికి పోయా.

"సార్, తప్పు ఆవిడది కాదు. నాది" అన్నా. లారీలని లెక్కేసినవి బస్తాలు సార్ అని, బిట్ల సంగతంతా చెప్పా. ఆయన స్కేలు కింద పెట్టాడు. "ఎంత తప్పావ్?"

"పదింతలు సార్."

"ఎక్కువా, తక్కువా?"

"నిమిషమన్నది పది నిమిషాలు సార్."

"పెద్ద సారుకి ఆ నిమిషం నా నోటితో చెప్పానమ్మాయ్" అన్నాడు. తిట్టినా బాగుండేది. తర్వాత నా చేతిలో కాయితం తీసుకుని, మడిచి సొరుగులో వేశాడు. "శనివారం పెద్ద సారుని మళ్ళీ కూర్చోబెడతా. ఆ లైను మనకిచ్చేది మూడు నిమిషాలు. పొడిగిద్దామంటే ఆవిడ గొంతు పడి మళ్ళీ డాలర్లే. అందులో పంపుతావో, ఎట్టా పంపుతావో నీ ఇష్టం. పంపలేకపోతే నేను చేసేదేం లేదు." మూడు నిమిషాలంటే అయిదువేల నాలుగొందల అక్షరాలు. నా దగ్గరున్నవి పద్దెనిమిది వేలు. ఈ లెక్క మాత్రం మూడుసార్లు కాయితం మీద వేసి చూసుకున్నా.

మర్నాడు సెలవు పెట్టి, బస్సెక్కి ఎక్స్‌చేంజికి పోయా. ఆవిడ కాళ్ళన్నా పట్టుకుని, పది నిమిషాలు లైన్లోకి రావొద్దని అడుగుదామని. ఫోన్లో గొంతు సన్నగా ఉంది కాబట్టి మనిషి కూడా సన్నగా ఉంటుందనుకున్నా. లావుపాటి మనిషి, నలభై దాటినావిడ, చెవులకి హెడ్‌ఫోను, ముందు బోర్డు నిండా చిల్లులు, చేతుల్లో వాటిల్లో గుచ్చి లైన్లు కలిపే తాళ్ళు. నేనెవరో చెప్పగానే, "ఓ, ఆ కూత పిల్లవి నువ్వేనా. నిన్నంతా నా చెవులు గింగుర్లెత్తినయ్" అంది. ఉన్నదంతా చెప్పేశా. కంప్లైంటు రాయబోయిన సంగతి కూడా చెప్పేశా, నాకు ఒకసారి నిజం మొదలుపెడితే ఆపడం తెలవదు. "రాస్తే రాయండమ్మా, ఇప్పటికి నా మీద పదకొండున్నయ్, మీది పన్నెండోది" అంది, ఎవరికో తాడు గుచ్చుతూ. "కానీ పది నిమిషాలు మాత్రం కుదరదు. హైదరాబాదుకి ఉన్నయ్యే రెండు లైన్లు. మిరపకాయల వ్యాపారస్తులు, ఆసుపత్రిలో మనిషున్న వాళ్ళు, అందరూ ఆ రెండిటి మీదే. నీ కూత కోసం వాళ్ళని ఆపమంటావా?" వద్దక్కా అన్నా. కళ్ళల్లో నీళ్ళు తిరిగినయ్. ఆవిడ చూసింది. "ఏదీ, అంతగా ఏం పంపుతున్నారో చూడనీ" అంది.

సంచీలోంచి స్టేట్‌మెంటు తీసిచ్చా. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని రెండు పేజీలూ పరిచింది. "ఏందమ్మా ఇది, సగం కాయితం ఖాళీగా ఉంది. ఈ ఖాళీలకి కూడా టైం పడుద్దా?"

"ఖాళీ కూడా అక్షరమే అక్కా. దానికీ పది బిట్లు పడతయ్" అన్నా. అనేసి, నా మాట నేనే విని అట్టాగే నిలబడిపోయా. ఖాళీలు పది, గీతలు పది, నక్షత్రాలు పది. నేను హైదరాబాదుకి లారీల మీద లారీలు ఖాళీ బస్తాలు తోలుతున్నా. ఆవిడ పెన్సిలు అందుకుంది. "నేను ఎనిమిదేళ్ళు టెలిగ్రాం కౌంటర్లో కూర్చున్నా. మాటకింతని కదా కట్టాల్సింది, పేదోళ్ళొచ్చి పెద్ద ఉత్తరం రాసుకొచ్చేవాళ్ళు. అందులో అసలు సంగతి నాలుగు మాటలు ఏరి ఇచ్చేదాన్ని. చెప్పాల్సింది చెప్పు, మర్యాదలు ఇంటికొచ్చాక చేసుకుంటారు." ఒక చేత్తో తాళ్ళు గుచ్చుతా, ఇంకో చేత్తో కొట్టేస్తా పోయింది. గీతలు పోయినయ్. నక్షత్రాలు పోయినయ్. ప్రతి వ్యాపారి పేరు ముందున్న శ్రీలు పోయినయ్. నరసరావుపేట మూడక్షరాలకి వచ్చింది. "ఈ లారీలన్నీ మన రాష్ట్రానివేగా, ప్రతి నంబరు ముందు ఆ రెండక్షరాలెందుకు" అంది. గంట కూర్చున్నా. లేచేటప్పుడు, "శనివారం నేనే డ్యూటీ. సరిగ్గా మూడు నిమిషాలకి వస్తా. సెకను ముందు రాను, సెకను ఎనక రాను" అంది. టీ తాగి పొమ్మంది కూడా.

టై బాబుకి ఫోను చేస్తే, గీతలూ ఖాళీలూ అక్కడి మిషను చేతే వేయించుకుంటానన్నాడు, ఇక్కడి నుంచి మోయక్కర్లేదని. అసలు కష్టం గీతల సారుతో వచ్చింది. గీతల్లేని స్టేట్‌మెంటు ఆయన ముందు పెట్టా. తల స్నానం చేయించిన పిల్లిలా ఉంది అది, నాకే జాలేసింది. "హైదరాబాదులో గీసుకుంటారు సార్" అన్నా. "సరిగ్గా గీస్తారా" అన్నాడు. గీస్తారని మాటిచ్చా. అక్షరాలు లెక్కపెడితే అయిదువేల అయిదొందలు. ఇంకా వంద ఎక్కువ, పైగా రిసీవరు పెట్టడానికి, తీయడానికి నాలుగు సెకన్లన్నా కావాలి. ఇక తీయడానికి లారీలు తప్ప ఏం లేవని నేను దిక్కులు చూస్తున్నా. సారు కాసేపు కాయితం కేసి చూసి, ఎర్ర పెన్సిలు తీసుకుని, "సవినయంగా" నుంచి ఆయన హోదా చివరి దాకా, రెండు పేజీల్లోనూ, ఆయన పేరు మీదుగా గీత కొట్టేశాడు. స్కేలు లేకుండా ఆయన గీసిన గీత నేను చూసింది అదొక్కటే. మూడొందల అక్షరాలు తగ్గినయ్. అయిదువేల రెండొందలు. నూట డెబ్భై మూడు సెకన్లు. ఏడు సెకన్లు మిగులు.

శనివారం మళ్ళీ అందరం బూట్లూ చెప్పులూ విప్పి కూర్చున్నాం. చప్పుడు పడి మళ్ళీ డాలర్లు రాకుండా ప్రింటరు ఆపాం, ఏసీ ఆపాం, తలుపు దగ్గర అటెండరు తాతని కాపలా పెట్టాం. గీతల సారు ఈసారి గడియారానికి ఎదురుగా నిలబడ్డాడు, దగ్గొస్తే రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. లైను కలిసింది, రిసీవరు పెట్టా, కూత మొదలైంది. నిమిషం. రెండు నిమిషాలు. రెండున్నర. నా లెక్క మీద నాకు ఇప్పుడు నమ్మకం లేదు, అందుకే సెకన్లు పైకి లెక్కపెడుతున్నానని నాకు తెలవలేదు, తర్వాత చెప్పారు. నూట డెబ్భై అయిదో సెకనులో కూత ఆగింది. రిసీవరు లాక్కున్నా. "వచ్చిందండీ, మొత్తం. ఆఖరి లారీ మాచర్ల లారీయేనా?" అన్నాడు టై బాబు. అవునన్నానో లేదో, సన్నగా ఆ గొంతు. "త్రీ మినిట్స్ ఓవర్. పొడిగించమంటారా?"

"వద్దక్కా, చాలు" అన్నా.

"నా సర్వీసులో చాలన్న మొదటి మనిషివి" అని తీసేసింది.

పెద్ద సారు బూట్లు తొడుక్కుంటూ, "మొదట్లో నిమిషమన్నారుగా, మూడెందుకయింది" అన్నాడు. నేను నోరు తెరవబోయా. గీతల సారు నా కంటే ముందే, "లెక్కలో మేం తప్పాం సార్" అన్నాడు. మేం అన్నాడు. పెద్ద సారు, "బస్సు కంటే నయమేలే" అని పోయాడు. ఆయన నోటి నుంచి ఆ మిషను గురించి వచ్చిన మొదటి మంచి మాట అది.

నెలాఖరుకి నా కాయితం వచ్చింది. ఆఫీసులో టైపు కొట్టేది నేనే కాబట్టి, నా ఉద్యోగం ఖాయం చేసే కాయితం కూడా గీతల సారు చేత్తో రాసిస్తే నేనే కొట్టాలి. పని ఎట్టా చేస్తుంది, వేళకి వస్తుందా, ఇట్టాంటివన్నీ ఉన్నయ్. చివర, లోపాలు అనే గడిలో, ఆయన స్కేలుతో గీసిన రెండు గీతల మధ్య ఇట్టా ఉంది: "లెక్కలో పదింతలు తప్పుతుంది. తప్పితే తనే వచ్చి చెబుతుంది. ఖాయం చేయవచ్చు." ఆ మూడు వాక్యాలు కొట్టడానికి నాకు పావుగంట పట్టింది, కళ్ళు సరిగ్గా కనపడక. ఇంటికి తీసుకుపోతే మా నాన్న మొదటి వాక్యం దగ్గరే ఆగి, "పదింతలా" అన్నాడు. మిగతావి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, తెచ్చి దాచిపెట్టిన టీచరు ట్రైనింగు ఫారం చించి పొయ్యిలో వేయమని మా అమ్మకిచ్చాడు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేశా. ఆ మూడొందల స్పీడు కాస్తా వేలయింది, లక్షలయింది, నేనూ పెద్ద కుర్చీల్లోకి మారా. ఇప్పుడు ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఉత్త కాళ్ళతో, సగం కొట్టిన కాయితం పట్టుకుని, ఉద్యోగం పోతుందని తెలిసీ మేనేజరు గదికి పరిగెత్తిన పిల్ల. ఆ కుర్చీల్లో కూర్చుని దాని కంటే పెద్ద తప్పులు చానా చేశా. వాటిల్లో ఎన్నిటికి అట్టా లేచిపోయి "తప్పు నాది" అని చెప్పానా అని అప్పుడప్పుడూ లెక్క మొదలుపెడతా. సగంలో ఆపేసి, నవ్వుకుని, వేరే పని చూసుకుంటా.